పడవ గొట్టం ముక్క

మొన్న ఆదివారం పొద్దున మా వీధి చివర ఉండే కుర్ర డాక్టరుగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయనకి పాత కార్ల పిచ్చి. ఎక్కడో తుప్పు పట్టి పడి ఉన్న విదేశీ కారొకటి కొని తెచ్చి, రెండేళ్ళుగా సంపాదనంతా దానికే ధారపోసి, పెళ్ళికొడుకులా ముస్తాబు చేసుకున్నారు. అంతా బాగానే ఉందిగానీ, మొదటి గేరు నుంచి రెండో గేరుకి మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు బండి ఎగిరిపడుతోందట. క్లచ్చి తొక్కే పని లేకుండా, చేత్తో గేరు మార్చే పని లేకుండా, తనంతట తానే గేర్లు వేసుకునే ఆటోమేటిక్ బండి అది. ఇద్దరు మెకానిక్కులు చూసి, గేర్‌బాక్సు దింపి విప్పాల్సిందేనని తేల్చేశారట. ఒకప్పుడు మల్కాపురంలో నేను ఇలాంటి బండి ఒకటి బాగుచేసేవాణ్ణని ఎవరో చెబితే వచ్చానన్నారు. బాగుచేసేవాణ్ణి అన్న మాట వినగానే నాకు నోరు చేదయింది.

అయినా వెళ్ళాను. ఆయన పక్కన కూర్చుని గాజువాక దాకా ఒక చుట్టు తిరిగాను. మొదటి పావుగంట బండి పట్టులా నడిచింది, ఇంజను బాగా వేడెక్కాక తన్నడం మొదలుపెట్టింది. బండి ఆపించి, ఇంజను ఆపకుండానే బానెట్టు ఎత్తించి, ఇంజను నుంచి గేర్‌బాక్సు దాకా దిగే సన్నటి గొట్టం వెంబడి చెయ్యి పెట్టుకుంటూ వెళ్ళాను. వంపు దగ్గర రబ్బరు మెత్తబడి లోపలికి నొక్కుకుపోయి ఉంది. గేర్‌బాక్సు జోలికి పోవద్దనీ, ఆ మూరెడు గొట్టం మార్చమనీ చెప్పాను. మధ్యాహ్నానికల్లా మార్చించి, బండి వెన్నలా నడుస్తోందని ఫోన్ చేసి ఆయన ఒకటే పొగడ్త. అరగంటలో పట్టేశారు, మీ చెయ్యి చెయ్యి కాదు అని. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని రెండుసార్లు అడిగింది. బాగానే ఉందన్నాను. ఆ గొట్టం సంగతి నాకెలా తెలుసో ఆవిడకీ తెలియదు మరి.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా నుంచి కుటుంబాలకి కుటుంబాలు పోర్టు పనులకనీ, ఉక్కు ఫ్యాక్టరీ పనులకనీ ఈ ఊరు చేరిన రోజులు. మా ఇంట్లోంచి ముందు వచ్చినవాడు పెదనాన్న. పోర్టులో సరుకు దింపే ముఠా మీద మేస్త్రీగా కుదురుకుని, తరవాత మా నాన్నని రప్పించాడు, నన్ను మోటారు పనిలో పెట్టాడు, మా అక్కకి మల్కాపురం కుర్రాడైన మెకానిక్కుని చూసి పెళ్ళి చేశాడు. ఆ బావ గ్యారేజీలోనే నేనూ చేరి, పాతికేళ్ళు వచ్చేసరికి బావతో సమానంగా పని చేసేవాణ్ణి. పెదనాన్నకి పిల్లల్లేరు, పెద్దమ్మ త్వరగా పోయింది. ఆయన ఎవరి ఇంటికీ వచ్చి ఉండేవాడు కాదు. తన అన్నం తనే వండుకుని, ఆదివారం నాడు మమ్మల్నే పిలిచి పెట్టేవాడు. అంత అభిమానం గల మనిషి.

అలాంటి మనిషికి జెట్టీ మీద క్రేను కొక్కెం నుంచి జారిన ఇనుప దూలం పడి ఎడమకాలు తొడ దాకా పోయింది. ఆసుపత్రి నుంచి చంకకర్రల మీద ఇంటికొచ్చాక ఆయన మూడు నెలలు గుమ్మం దాటలేదు. ఒకరు ఎక్కించి ఒకరు దింపే బతుకు నాకొద్దురా అనేవాడు. నాన్నా నేనూ ఆయన్ని ఎలా బతికించుకోవాలా అని తలలు పట్టుకుని కూర్చునే రోజుల్లో, ఒక విదేశీ ఇంజనీరు తన దేశం వెళ్ళిపోతూ ఆటోమేటిక్ కారొకటి అమ్మేస్తున్నాడని బావ కబురు తెచ్చాడు. క్లచ్చి లేని బండి. కుడికాలొక్కటి ఉంటే చాలు. పోర్టు వాళ్ళిచ్చిన పరిహారం డబ్బంతా పెట్టి పెదనాన్న దాన్ని కొనేసరికి చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. కాలుతో పాటు మతి కూడా పోయిందన్నవాళ్ళున్నారు.

పెదనాన్న ఆ బండితో ఏం చేశాడో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. చేపల గంపలు మోశాడు. ఫిషింగ్ హార్బర్లో తెల్లవారకుండానే వేలంపాట అయిపోతుంది కదా, గంపలు నింపుకున్న జాలరిపేట ఆడవాళ్ళని ఆ వాసనకి బస్సువాళ్ళు ఎక్కించుకునేవారు కాదు. వాళ్ళు ఉక్కునగరం క్వార్టర్ల దాకా పోయి అమ్ముకోవాలంటే ఎండ ముదిరిపోయేది, చేప మెత్తబడిపోయేది. పెదనాన్న నలుగురు ఆడవాళ్ళని, వాళ్ళ గంపల్ని ఆ దొరల బండిలో వేసుకుని, పెందలాడే గాజువాక మీదుగా టౌన్‌షిప్పులో దింపేసేవాడు. ఎర్ర తోలు సీట్ల మీద గోనెసంచులు, డిక్కీలో ఐసు నీళ్ళు కారుతూ గంపలు. వాళ్ళలో పెద్దామెని ఆయన చెల్లెమ్మా అని పిలిచేవాడు, ఆమె అన్నయ్యా అనేది.

"ఈ అన్నయ్య బండి లేకపోతే మా సేపలు గట్టునే కుళ్ళిపోతాయి బాబూ," అని ఆమె ఒకసారి నాతో అంది. "కాలు లేదని ఎవులన్నారు? నాలుగు సక్రాలున్నాయి గదా ఆయనకి!"

ఆ మాటకి పెదనాన్న నవ్విన నవ్వు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చంకకర్రలు వెనక సీటు కింద పడేసి, స్టీరింగు ముందు కూర్చున్నాడంటే ఆయన మళ్ళీ పోర్టు మేస్త్రీయే. దారిలో ఎవడైనా అడ్డం వస్తే పాత రోజుల్లో ముఠాని అదిలించినట్టు అదిలించేవాడు. ఆ బండే ఆయనకి కాలు, అన్నం, పరువు. అది ఆగిపోతే పెదనాన్న కూడా ఆగిపోతాడని మా ఇంట్లో పైకి ఎవరూ అనకపోయినా అందరికీ తెలుసు. అందుకే బావ ఆ బండిని మిగతా బళ్ళలా చూసేవాడు కాదు. నెలకోసారి తనే వెళ్ళి బండి తెచ్చుకుని చూసేవాడు. బావ ఏదైనా పని మీద బయటికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ బండి నా చేతిలో పడేది.

అలా పడిన ఒక రోజు నేను బండి కింద పడుకుని చూస్తుంటే, ఇంజను నుంచి గేర్‌బాక్సుకి వెళ్ళే సన్న ఇనుప గొట్టం తుప్పు పట్టి, వేలు తగిలితే పొడి రాలుతోంది. సముద్రం గాలికి మా ఊళ్ళో ఏ ఇనుమైనా అంతే కదా. ఆ గొట్టం పని చిన్నదేగానీ ముఖ్యమైంది. ఇంజను గాలిని లోపలికి పీల్చుకునే బలం ఆ గొట్టం గుండా గేర్‌బాక్సుకి చేరుతుంది. పీల్పు బాగా అందితే బండి తేలిగ్గా పోతోందని తెలుసుకుని గేర్‌బాక్సు మెత్తగా గేరు వేస్తుంది. పీల్పు అందకపోతే బండి పెద్ద బరువుతో కొండెక్కుతోందనుకుని, బలమంతా పెట్టి గుద్దినట్టు వేస్తుంది. ఇదంతా ఇంత వివరంగా నాకు అప్పుడు తెలియదు. అదేదో గాలి గొట్టం అని మాత్రం తెలుసు. అచ్చమైన గొట్టం మన దేశంలో దొరకదు. పొద్దున్నే ఆడవాళ్ళు గట్టు మీద ఎదురుచూస్తుంటారు. తుప్పు పట్టినంత మేరా కోసేసి, మా దగ్గర చుట్టలు చుట్టలు ఉండే పడవ గొట్టం ముక్క తొడిగేశాను.

పడవ గొట్టం అంటే మల్కాపురం, హార్బర్ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మరబోట్లలో డీజిలు పీపా నుంచి ఇంజనుకి డీజిలు వెళ్ళడానికి వేసే తెల్లటి ప్లాస్టిక్కు గొట్టం. లోపల డీజిలు కదలడం కనిపిస్తుంది, ఉప్పుకి చెక్కుచెదరదు, ఎలా వంచితే అలా వంగుతుంది. మా గ్యారేజీల్లో అది అన్నిటికీ మందే. స్కూటరు పెట్రోలుకి అదే, లారీ రేడియేటరుకి అదే, అక్క పెరట్లో బాదంమొక్కకి నీళ్ళు పెట్టడానికీ అదే. అది లోపల ఉన్నదాన్ని బయటికి తోసే చోట ఎంత గట్టిగా నిలబడుతుందో, లోపలికి పీల్చే చోట వేడి తగిలితే అంత మెత్తగా చప్పబడిపోతుందని మాలో ఒక్కడికీ తట్టలేదు. పెదనాన్న మాత్రం బండి కిటికీలోంచి తొంగి చూసి, అదేంట్రా అబ్బాయ్ పడవ గొట్టం వేస్తున్నావ్ అని అడిగాడు. కంపెనీదానికంటే ఇదే గట్టిది పెదనాన్నా అన్నాను. ఆయన లెక్కలో, నేను అన్నాను కాబట్టి అది నిజం.

చలికాలం బానే గడిచింది. మార్చి దాటి ఎండలు ముదిరాక బండి తన్నడం మొదలైంది. హార్బర్లో ఎక్కేటప్పుడు బాగుంటుందిరా, గాజువాక దాటాక గాడిదలా తంతోంది అని పెదనాన్న బండి తెచ్చి గ్యారేజీ ముందు పెట్టాడు. తన్నినప్పుడల్లా ఒళ్ళు ఒక్కసారి ముందుకి ఊగుతుంది. మనకైతే ఎడమకాలు ఆనించుకుని నిలదొక్కుకుంటాం, ఆయనకి ఆనించుకోవడానికి ఏమీ లేదు. పక్కకి ఒరిగిపోయి, మిగిలిన తొడ ముక్క సీటు ఇనప అంచుకి కొట్టుకుని పుండు పడింది. ఆ పుండుకి గుడ్డ చుట్టుకుని ఆయన వారం రోజులు గంపలు దింపాకగానీ మాకు చెప్పలేదు.

బావ చెయ్యాల్సినవన్నీ పద్ధతిగానే చేశాడు. ఇంజను నడుస్తూ వేడిగా ఉండగా గేర్‌బాక్సు నూనె మట్టం చూశాడు, నూనె మాడిన వాసన వస్తోందేమోనని వేలికి రాసుకుని చూశాడు. ఓడల నుంచి వచ్చే సరుకుల్లో తెలిసినవాళ్ళ ద్వారా గేర్‌బాక్సులో పోసే ఎర్ర నూనె సంపాదించి మార్చాడు, ఆ నూనెని వడగట్టే జల్లెడ కడిగాడు. ఇంజను కింది రబ్బరు దిమ్మలు సడలాయేమోనని మార్చాడు. గేర్‌బాక్సు బయట ఉండే మర ఒకటి కొద్దికొద్దిగా బిగించి చూశాడు. ప్రతిసారీ చల్లటి పూట తిప్పి చూస్తే బండి బంగారంలా నడిచేది. పెదనాన్న సంతోషంగా పట్టుకెళ్ళేవాడు. మర్నాడు ఎండెక్కాక మళ్ళీ అదే తాపు. మూడోసారి వచ్చినప్పుడు బండిలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ముందే పెదనాన్న బావని చెడామడా తిట్టాడు. బావ తలొంచుకుని విన్నాడు. ఆయన వెళ్ళాక నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

"బావా, దాపరికం లేకుండా సెప్పు. నాను లేనప్పుడు దాన్ని నువ్వేటైనా కెలికినావా?"

"గేర్‌బాక్సు జోలికి నేను పోలేదు బావా," అన్నాను.

ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు గొట్టం గుర్తు రాలేదు. గాలి గొట్టాన్ని నేను గేర్‌బాక్సు కింద లెక్కెయ్యలేదు. కానీ ఆ మాట నా నోటి నుంచి వచ్చేసింది, బావ నమ్మేశాడు.

రెండు రోజుల తరవాత, మిట్టమధ్యాహ్నం పెదనాన్న, ఈసారి వేడి మీదే చూడమని ఇంజను ఆపకుండా బండి నాకు అప్పగించి వెళ్ళాడు. బావ అప్పటికే అన్నానికి వెళ్ళాడు. ఇంజను ఇంకా నడుస్తోంది, బానెట్టు మీద చెయ్యి పెట్టనివ్వనంత వేడి. ఊరికే కిందికి దూరి చూశాను. నేను తొడిగిన గొట్టం ముక్క, చిన్నపిల్లలు పీల్చి పీల్చి అతికించేసిన స్ట్రాలాగా, మధ్యలో బల్లపరుపుగా అతుక్కుపోయి ఉంది. వేలితో నొక్కి విడదీస్తే ఇంజను శబ్దం మారింది. వదిలేస్తే మళ్ళీ అతుక్కుంది. మూడుసార్లు అలా చేశాను. నాలుగోసారి చెయ్యడానికి చెయ్యి రాలేదు. పెదనాన్న తొడ మీది పుండూ, ఆడవాళ్ళ ముందు బావ వంచిన తలా, అన్నీ ఆ జానెడు ముక్కలోనే ఉన్నాయి.

అప్పుడు పరిగెత్తుకెళ్ళి బావతో చెప్పి ఉంటే ఏమయ్యేది? రెండు తిట్లు తినేవాణ్ణి. అంతే కదా! ఇప్పుడు ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా అంతకుమించి ఏమీ జరిగేది కాదు. కానీ జోలికి పోలేదన్న మాట రెండు రోజుల కిందటే ఇచ్చి ఉన్నాను. మావాడి చెయ్యి పడితే మొరాయించిన బండైనా లేస్తుందని హార్బర్లో అందరికీ చెప్పుకునే పెదనాన్న మొహం గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. బావ వచ్చేలోగా దళసరి రబ్బరు గొట్టం తెచ్చి మార్చేసి, ఆ ప్లాస్టిక్కు ముక్కని కాలవలో పారేశాను. ఇంక బండి తన్నదు, బావ బిగించిన మర వల్లే బాగుపడిందని అందరూ అనుకుంటారు, పేరు బావకే వస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బావ రాగానే, ఇంకొక్కసారి ఎండలో తిప్పి చూద్దాం బావా అన్నాను.

"మూడుసార్లు తిప్పినాం, మూడుసార్లు నవ్వులపాలైనాం," అన్నాడు బావ. "ఇంక తిప్పీది లేదు. రేపు ఇప్పీడమే."

ఎందుకు తిప్పాలో చెప్పకుండా తిప్పమని బతిమాలాను. కారణం అడిగాడు. ఏమో, ఈసారి బాగుపడి ఉంటుందనిపిస్తోంది అన్నాను. ఎవరూ ముట్టుకోకుండా రాత్రికి రాత్రి బాగుపడే జబ్బేనా ఇది అని విసుక్కుని, పానాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే విప్పాం. ఏ లోపమూ లేదని తెలిసి తెలిసి, బండి కింద బావ పక్కనే పడుకుని, ఒక్కొక్క మరా నా చేతులతో నేనే ఊడదీశాను. లోపల చిట్టడవిలా సందులు సందులుగా ఉండే అల్యూమినియం పలక ఒకటి ఉంటుంది. ఏ సందులోంచి నూనె ఎటు వెళ్ళాలో నడిపించేవి ఆ సందుల్లో ఉండే చిన్న చిన్న ఉక్కు గుండ్లు, శెనగగింజంత ఉంటాయి. పలక దింపుతుంటే నా చేతిలోంచే గుండొకటి జారి ఇసకలో పడింది. మా గ్యారేజీ నేలంతా ఏళ్ళ తరబడి రాలిన ఇనప రజను. అయస్కాంతం పెడితే రజను ముద్దలు ముద్దలుగా అంటుకొచ్చింది, గుండు రాలేదు. సాయంత్రం దాకా ఇద్దరం ఆ నేలని జల్లించాం. చివరికి బావ సైకిలు చక్రం ఇరుసులోంచి దగ్గర దగ్గర ఆ కొలతకి వచ్చే గుండొకటి తీసి వేశాడు. కంటికి ఒకేలా ఉన్నాయి. అంతకంటే చూసుకోవడానికి మా దగ్గర ఏ సాధనమూ లేదు.

బండి కదిలింది. తన్నలేదు కూడా. పెదనాన్న బావ భుజం తట్టాడు. నేనూ గట్టెక్కాననే అనుకున్నాను. అయిదో రోజునో ఆరో రోజునో షీలానగర్ దాటాక, ఆ సైకిలు గుండు సందుని సరిగ్గా మూయక నూనె ఒత్తిడి తగ్గి, రెండో గేరు జారడం మొదలై, ఇంజను అరుస్తున్నా బండి ముందుకి పోక, లోపల మాడిపోయి పొగలొచ్చి రోడ్డు మధ్యలో నిలిచిపోయింది. ఆడవాళ్ళు గంపలు నెత్తికెత్తుకుని ఎండలో నడిచి వెళ్ళిపోయారు. ఆ రోజు చేప సగం పారబోసుకున్నారని తరవాత తెలిసింది. బండిని లారీకి తాడు కట్టి లాక్కొస్తుంటే, స్టీరింగు ముందు పెదనాన్న కూర్చుని ఉన్నాడు. చచ్చిపోయిన బండిని రోడ్డు తప్పకుండా తిప్పుకుంటూ వచ్చాడు. గ్యారేజీ ముందు ఆగాక దిగలేదు. చంకకర్రలు అందించడానికి దగ్గరికి వెళ్తే, నా వైపు కాదు, బావ వైపు చూశాడు.

"ఎవడి చేతిలో జారిందిరా ఆ గుండు?" అని అడిగాడు. గుండు పోయిన సంగతి అప్పటికే ఎవరో చెప్పేశారు.

"నా సేతిలోంచే జారిపోనాది మావయ్యా," అన్నాడు బావ, నేను నోరు తెరిచేలోగానే.

ఎందుకలా అన్నాడో తరవాత అడిగాను. గ్యారేజీ నాది, విప్పమన్నది నాను, నిన్ను నీ పెదనాన్న ముందు నిలబెట్టి ఏటి సేత్తాను అన్నాడు. అప్పుడైనా చెప్పాను కాదు.

ఆ గేర్‌బాక్సుకి విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. మద్రాసుకి ఉత్తరాలు రాశాం, బొంబాయి వెళ్ళొచ్చే లారీలవాళ్ళని అడిగాం. బండిని పెదనాన్న ఇంటి పక్కన ఖాళీ జాగాలో పెట్టాం. ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే తలుపుల అంచులు తినేసింది. పెదనాన్న ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. మా ఇంటికి రమ్మంటే రాడు, గ్యారేజీలో కూర్చుని లెక్కలు చూడమంటే రాడు, రిక్షా ఎక్కడు. జాలరిపేట చెల్లెమ్మ అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో నాలుగు చేపలు పెట్టి పోయేది. కొన్నాళ్ళకి వద్దని కబురు చేశాడు. ఊరికే తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. బావ పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. బావ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చిన రోజులు నేను చూశాను. గ్యారేజీకి ఆ తరవాత ఏ ఆటోమేటిక్ బండి వచ్చినా, నా సేతులు మంచివి కావు అని పంపించేసేవాడు. ఊళ్ళో అంత నాణ్యమైన చేతులు ఇంకొకరికి లేవు.

మూడో ఏట పెదనాన్న మంచం పట్టాడు. పెద్ద జబ్బేమీ లేదు, ఆ మనిషికి లేవాలని లేదు. ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే, నేను పోతే మీ బావ నా పాడె ముట్టుకోకూడదు, చెప్తున్నా, వాడు నా రెండో కాలు కూడా తీసేశాడు అన్నాడు. గ్లాసు పక్కన పెట్టేసి మొత్తం చెప్పేశాను. గొట్టం దగ్గర్నుంచి గుండు దాకా ఏదీ దాచలేదు. ఆయన తిడతాడని, కొడతాడని చూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మీ బావకి తెలుసా అని ఒక్కటే అడిగాడు. తెలియదన్నాను.

"వాడికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను," అన్నాడు. "వాణ్ణి రమ్మను."

బావ వచ్చాడు. పెదనాన్న అతని రెండు చేతులూ పట్టుకుని, అల్లుడూ, నా పాడె ముందు వైపు నువ్వే పట్టాలి అన్నాడు. అంతే. ఇంకేమీ చెప్పలేదు. బావ గుమ్మం బయటికి వచ్చి, లుంగీ అంచు నోట్లో కుక్కుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీ పెదనాన్న మనిషి కాదురా బావా, దేవుడు. నాను సేసిన పాపం మన్నించీసినాడు."

నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఆ ఏడుస్తున్న మొహంలో మూడేళ్ళ తరవాత కనిపించిన తేలికని చూసి, ఇప్పుడు కాదు, రేపు చెబుదాం అనుకున్నాను. పది రోజులకి పెదనాన్న పోయాడు. కొడుకు లేని మనిషి కాబట్టి నిప్పుకుండ నేను పట్టుకుని ముందు నడిచాను. నా వెనకే పాడె కొమ్ము భుజాన పెట్టుకుని బావ నడిచాడు. అతని ఎగశ్వాస నా మెడకి తగులుతూనే ఉంది. ఆ తరవాత బావ ఇరవై రెండేళ్ళు బతికాడు. ప్రతి ఏడూ రేపు చెబుదామనే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క రేపూ దొరకలేదు.

ఇప్పుడు గ్యారేజీలు లేవు, వర్క్‌షాపులున్నాయి. బండికి తీగ తగిలించి తెర మీద చూస్తే ఏ భాగం చెడిందో, ఎప్పుడు చెడిందో అదే రాసి చూపిస్తుంది. క్లచ్చి లేని బళ్ళు వీధికి పదున్నాయి, కాలు లేనివాడికి చేత్తో నడిపే స్కూటర్లు ప్రభుత్వమే ఇస్తోంది. జాలరిపేట ఆడవాళ్ళ మనవరాళ్ళు ఐసు పెట్టెలతో సొంత ఆటోల్లో ఉక్కునగరం వెళ్తున్నారు. ఇంకో ముప్పై ఏళ్ళు ఆగి పుట్టి ఉంటే పెదనాన్న కాలు పోయినా కాలు పోనివాడిలాగే బతికేవాడు. ఇవన్నీ చూసి సంతోషించాలి. సంతోషించలేను. బళ్ళు మారాయి, దార్లు మారాయి, నేను ఆ మధ్యాహ్నం నోరు మూసుకున్న చోటే ఉండిపోయాను.

అక్క ఉంది. ఎనభైకి దగ్గరైంది, చూపు తగ్గింది. ఏటా బావ తద్దినం నాడు భోజనాలు వడ్డించాక, కోడళ్ళనీ మనవలనీ కూర్చోబెట్టి ఆ కథ చెబుతుంది. మీ తాత చేతిలో పెద్ద పొరపాటు జరిగితే, మా పెదనాన్న పెద్ద మనసుతో మన్నించి పాడె పట్టమన్నాడు, ఆ ధైర్యంతోనే ఆయన చివరిదాకా తలెత్తుకుని బతికాడు అని. చెప్పడం అయ్యాక నా వైపు తిరిగి, ఏరా తమ్ముడూ, నువ్వు అక్కడే ఉన్నావు కదా అని సాక్ష్యం అడుగుతుంది. పోయిన నెల కూడా అడిగింది. ఉన్నానక్కా అన్నాను. పిల్లలందరూ నా వైపు గౌరవంగా చూస్తున్నారు. విస్తరి మడిచి లేచి చెయ్యి కడుక్కున్నాను.